మందుల షాపు మీద లెక్కల సెంటరు: నెలకి 1,800 పెట్టొచ్చా?

ముందు ధర చెప్పేస్తాను. నెలకి 1,800 రూపాయలు. వారానికి ఆరు రోజులు, రోజుకి గంటన్నర. అందులో ముప్పావుగంట కంప్యూటర్ ముందు, ముప్పావుగంట టీచర్ దగ్గర పది పన్నెండు మంది పిల్లల గుంపులో. చేరేటప్పుడు కిట్ పేరు చెప్పి ఇంకో 1,000 వసూలు చేస్తారు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితం అంటారు. కట్టకండి. ఎందుకో కింద రాశాను.

ఇది విశాఖలో ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర మందుల షాపు మీద రెండో అంతస్తులో నడుస్తున్న సెంటరు. పేరు రాయను. బాగుందన్న చోట డబ్బు తిని రాసిందంటారు, బాగోలేదన్న చోట ఓనరు అబ్బాయి మా ఇంటికొచ్చి కూర్చుంటాడు. బీటెక్ చదివిన మంచి కుర్రాడే, మాట మెత్తన. నేను చోడవరం, మాడుగుల వైపు మండల పరిషత్ బడుల్లో చిన్న తరగతుల టీచరుగా (ఎస్జీటీ) చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మర్రిపాలెంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. దానికి పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం, కంపెనీ బస్సు దిగేసరికి రాత్రి ఏడు దాటుతుంది. కాబట్టి మనవరాలు చిట్టి చదువు నా వాటాకి వచ్చింది.

చిట్టి ఆరో తరగతి. ప్రైవేటు బడి, ఇంగ్లీషు మీడియం. ప్రోగ్రెస్ కార్డులో లెక్కలకి 'ఏ' గ్రేడు. వేసవి సెలవుల్లో ఓ మధ్యాహ్నం చింతపండు పిక్కలు తీస్తూ ఊరికే 503లోంచి 278 తీసెయ్యమన్నాను. కాయితం మీద వేసి 375 అంది. ఎలా వచ్చిందో చూడండి. ఒకట్ల దగ్గర 3లోంచి 8 పోదు కదా, అందుకని తిరగేసి 8లోంచి 3 తీసింది. పదుల దగ్గర సున్నాలోంచి 7 పోదు, 7 దింపేసింది. వందల దగ్గర ఎలాగూ 3. పైనేముంది కిందేముంది అని చూడదు, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యడమే. రెండో తరగతిలో, మహా అయితే మూడో తరగతిలో పట్టుకోవాల్సిన తప్పు ఇది. దాన్ని చంకనేసుకునే ఆ పిల్ల భిన్నాలు, దశాంశాలు అన్నీ దాటొచ్చేసింది. పరీక్షలో నాలుగు జవాబులిచ్చి ఒకదానికి టిక్కు పెట్టమంటే, గైడులో ఉన్న లెక్కే మళ్లీ ఇస్తే, 'ఏ' గ్రేడు ఎందుకు రాదు?

మీరే చెప్పొచ్చు కదా టీచరమ్మా అంటారు. చెప్పాను. నా దగ్గర ఊళ్లో పిల్లలందరూ చదువుకున్నారు గాని సొంత మనవరాలు మాత్రం పది నిమిషాలు కూర్చోదు. "అమ్మమ్మా, మా మిస్ ఇలా చెప్పలేదు" అంటే ఇంక ఆ రోజుకి సరి.

ఇది మా చిట్టి ఒక్కదాని జబ్బు కాదు. కార్తీక్ మురళీధరన్ అని ఆర్థికవేత్త ఉన్నారు, అమెరికాలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. ఆయన పరిశోధనల్లో పెద్ద భాగం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే, అంటే నేను సుద్దముక్క పట్టుకున్న కాలంలోనే, మా బోటి టీచర్ల మీదే జరిగింది. అందుకే రిటైరయ్యాక కుదురుగా కూర్చుని చదివాను, మా మీద ఏం రాశారో చూద్దామని. ఆయన, అభిజిత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ కలిసి ఢిల్లీలో చేసిన పనిలో తేలిందేమిటంటే, ఆరో తరగతికి వచ్చిన పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. పై తరగతికి వెళ్లేకొద్దీ ఆ ఎడం ఇంకా పెరుగుతోంది. ఎందుకు పెరగదు? టీచరు ఏ తరగతిలో ఉంటే ఆ తరగతి పుస్తకం చెప్పుకుంటూ పోవాలి. మా బడులకి తనిఖీకి వచ్చిన వాళ్లందరూ "సిలబస్ ఎంతవరకు అయింది?" అనేవారే తప్ప, ఎంతమందికి వచ్చిందని అడిగిన పాపాన పోలేదు.

ఇక సెంటరు సంగతి. మొదటి వారం పిల్ల వెనక కుర్చీ వేసుకుని చూస్తానన్నాను. ముందు నసిగారు గాని తర్వాత ఒప్పుకున్నారు. మీరూ అడగండి. ఆరో తరగతి పిల్ల కదా అని ఆ సాఫ్ట్‌వేర్ ఆరో తరగతి నుంచి మొదలెట్టలేదు. ముందు ఓ చిన్న పరీక్ష పెట్టింది. తీసివేతలు వరసగా అదే రకంగా తప్పాయి. అప్పుడు 62లోంచి 38 ఇచ్చింది. చిట్టి 36 కొట్టింది. ఇక్కడ మామూలుగా ట్యూషన్లలో ఏం జరుగుతుంది? తప్పు అని ఎర్ర ఇంటూ పెట్టి, 24 అని పక్కన రాసి, పదిసార్లు రాయమంటారు. ఇది అలా చెయ్యలేదు. తెర మీద పదేసి పుల్లల కట్టలు ఆరు, విడి పుల్లలు రెండు వచ్చాయి. ఎనిమిది పుల్లలు తీసి పక్కన పెట్టు అంది. చిట్టి మౌస్‌తో విడి పుల్లలు రెండూ లాగేసింది. ఆగింది. ఇంకా ఆరు కావాలి. నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను. కాసేపటికి ఒక కట్ట మీద నొక్కింది. కట్ట విడిపోయి పది పుల్లలయ్యాయి. "ఓ" అంది. అంతే, ఆ తర్వాత మిగతా ఆరూ లాగి పక్కన పెట్టింది. పాతికేళ్ల పైచిలుకు నేనూ చింతగింజలతో, కొబ్బరి ఈనెలతో ఇదే పాఠం చెప్పాను. కానీ నలభై మందిలో ఎవరి కట్ట ఎక్కడ ముడిపడిపోయిందో ఒక్కొక్కరి పక్కన కూర్చుని చూసే తీరిక ఏ రోజూ దొరకలేదు.

ఢిల్లీలో పరీక్షించింది మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్. మన సెంటర్లో ఉన్నది అది కాదు, అదే బాణీలో నడిచే ఇంకొకటి. అక్కడ లాటరీ తీసి కొందరికి ఉచితంగా సీటు ఇచ్చారు, తగలని వాళ్లని పోల్చడానికి ఉంచారు. నాలుగున్నర నెలలకి లాటరీ తగిలినవాళ్లు లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. ఈ లెక్క టీచర్లకే అర్థం కాదు, కాబట్టి ఇలా చూడండి: లెక్కల్లో వందమందిలో యాభయ్యో ర్యాంకు పిల్ల ముప్పై ఆరో ర్యాంకు దగ్గరికి వచ్చినట్టు. బాగా వెనకబడ్డ పిల్లలకి బడిలో పాఠం వల్ల దాదాపు ఏమీ కలిసి రావడం లేదు గనక, ఈ లాభం వాళ్లకే ఎక్కువ విలువ.

అయితే ఓనరు చెప్పని మెలిక ఒకటుంది. ఢిల్లీలో కూడా సగం టైము కంప్యూటరు, సగం టైము మనిషి. రెండూ కలిపి వచ్చిన ఫలితం అది, కంప్యూటరు వాటా ఇంత అని విడదీసి చూపలేదు. ఇక్కడేమో 'హోమ్ ప్యాకేజీ' అని ఏడాదికి 6,000కి ఫోన్లో పెట్టి ఇస్తామంటున్నారు. ఇంట్లో, ఫోన్లో, పక్కన ఎవరూ లేకుండా! రెండో రోజుకి యూట్యూబ్ షార్ట్సే. కొనకండి.

టీచర్ల గురించి రాయాలి. ముగ్గురున్నారు, ముగ్గురూ డీఎడ్, బీఎడ్ చేసి డీఎస్సీకి తయారవుతున్న వాళ్లే. జీతం ఎంతమ్మా అని అడిగితే నవ్వి ఊరుకున్నారు, అంటే అర్థమయిపోయింది. పని మాత్రం శ్రద్ధగా చేస్తారు. గుంపులో ఎవరు ఎక్కడున్నారో ఒక పలక మీద రాసుకుని, ఆ రోజు ఇద్దరు ముగ్గురిని దగ్గర కూర్చోబెట్టుకుంటారు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ మన రాష్ట్రంలో 100 బడులకి అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచర్ని ఇచ్చి చూశారు. రెగ్యులర్ టీచర్ జీతంలో ఐదో వంతు కూడా లేని వాళ్లు, శిక్షణ తక్కువ, ఉండేది ఆ ఊళ్లోనే. రెండేళ్లకి ఆ బడుల పిల్లలు మిగతా బడుల వాళ్లకంటే ముందున్నారు. పైగా గైరుహాజరు కాంట్రాక్టు వాళ్లలో 18 శాతం, రెగ్యులర్లలో 27 శాతం. రెగ్యులర్ అంటే నేనే.

ఈ ముక్క మా పాత యూనియన్ వాట్సాప్ గ్రూపులో పెడితే నన్ను గ్రూపులోంచి తోసేసినంత పని చేశారు. మీటింగులకి, ఎలక్షన్ డ్యూటీలకి, జనాభా లెక్కలకి తిప్పింది ఎవరు అని ఒకాయన ఊగిపోయారు. ఆయన మాటా నిజమే. అక్కడితో ఆగకుండా ఇండోనేషియా సంగతి కూడా పెట్టాను: అక్కడ ప్రభుత్వం సర్టిఫికెట్ ఉన్న టీచర్లకి మూలవేతనం రెట్టింపు చేసింది, టీచర్లు సంతోషపడ్డారు, అప్పులు తీర్చుకున్నారు, పక్క ఉద్యోగాలు మానుకున్నారు, పిల్లల మార్కులు మాత్రం కదల్లేదు. దానికి ఎవరూ జవాబివ్వలేదు, గుడ్ మార్నింగ్ పువ్వులు పెట్టుకున్నారు.

కానీ ఓనర్లు దీన్ని తమకి అనుకూలంగా చదువుకుంటారు. తక్కువ జీతానికే బాగా చెప్తున్నారు కదా, తక్కువే ఇద్దాం అని. తక్కువ ఇస్తే ఏమవుతుందో మేం కళ్లారా చూశాం. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు కదా, దసరా సెలవుల తర్వాత చిట్టి వాళ్ల టీచరు పోస్టింగ్ వచ్చి వెళ్లిపోయింది. అమ్మాయి జీవితం బాగుపడింది, స్వీట్ బాక్సు కూడా పంచింది. ఇక్కడ మాత్రం రెండో సగం మూడు వారాలపాటు ఉత్తదే, పిల్లల్ని మళ్లీ కంప్యూటర్ ముందే కూర్చోబెట్టారు. కొత్తగా వచ్చినావిడకి పిల్లల పేర్లు పట్టుబడేసరికి కార్తీకమాసం వచ్చేసింది. ఏడాది ఫీజు ఒకేసారి కట్టొద్దన్నది అందుకే. నెల నెలా కట్టండి, టీచరు ఉన్నంతకాలం ఉండండి.

నాకూ ఓనరు అబ్బాయికీ అసలు పేచీ బోనస్ దగ్గర. గోడ మీద ఒలింపియాడ్ ర్యాంకుల ఫొటోలుంటాయి. ఒక ర్యాంకు వస్తే ఆ టీచరుకి ఇంత అని ఇస్తాడట. దాంతో ఏమవుతుందో ఎవరికైనా తెలుసు: ఆ నలుగురు తెలివైన పిల్లల చుట్టూ టీచర్లు మూగుతారు, చిట్టి లాంటివాళ్లు పలక మీద పేరుగా మిగిలిపోతారు. "బాబూ, నీకంటే ముందే ఈ ప్రయోగం మన రాష్ట్రంలో చేశారు, కాస్త విను" అని కూర్చోబెట్టి చెప్పాను. 2005 నుంచి 300 ప్రభుత్వ బడుల్లో. కొన్ని బడుల్లో ఏ టీచరుకి ఆ టీచరుగా, కొన్నింట్లో బడి మొత్తానికి కలిపి బోనస్ ఇచ్చారు, మిగతావి మామూలుగా నడిచాయి. లెక్క ఏమిటంటే, పిల్లల సగటు మార్కు 5 శాతం పాయింట్లు దాటి ఎంత పెరిగితే, ఆ పైన ప్రతి పాయింటుకి 500 రూపాయలు. ఫస్టు ర్యాంకుకి కాదు, సగటు పెరుగుదలకి. అంటే అడుగున ఉన్న పిల్ల పది మార్కులు ఎక్కినా, పైనున్న పిల్ల పది మార్కులు ఎక్కినా టీచరుకి ఒకటే. పెద్ద సొమ్మేం కాదు, సగటున ఏడాది జీతంలో 3 శాతం చుట్టూ. రెండేళ్లకి బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా పెరిగారు.

నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. బోనస్ వల్ల టీచర్ల హాజరు పెరగలేదు. వచ్చిన రోజున ఎక్కువ పని చేశారు: ఇంటిపని ఇవ్వడం, బడి అయ్యాక కాసేపు కూర్చోబెట్టడం, మాదిరి పరీక్షలు పెట్టడం, వెనకబడ్డవాళ్లని చూసుకోవడం. నన్నడిగితే హాజరు రిజిస్టరు పట్టుకుని తిరిగే వాళ్లందరికీ ఈ కాయితం లామినేషన్ చేసి ఇవ్వాలి. ఓనరు అంతా విన్నాడు. "బాగుంది టీచర్ గారూ, కానీ సగటు పెరిగిందని ఫ్లెక్సీ మీద వేస్తే ఎవరు చేరతారు?" అన్నాడు. నిజమే, వ్యాపారం వాడిది. అయినా ఈ సెంటరుకి నేను కోసిన మార్కుల్లో సగం ఇక్కడే పోయాయి.

రిపోర్టుల గోల ఒకటి. ప్రతి శనివారం రాత్రి వాట్సాప్‌కి ఎనిమిది పేజీల పీడీఎఫ్, రంగు రంగుల గ్రాఫులతో వస్తుంది. మా అమ్మాయి బొటనవేలు ఎత్తి పెట్టి పడుకుంటుంది. పిల్లలు ఎక్కడ బలహీనమో విడమరిచి రాసిన ఇలాంటి రిపోర్టులు మన రాష్ట్రంలోనే టీచర్లకి ఇచ్చి చూస్తే, ఉత్త రిపోర్టుల వల్ల మార్కులేమీ పెరగలేదు, 2010లోనే ఆ సంగతి అచ్చయింది. రిపోర్టు చూసి ఏదో ఒకటి చెయ్యాల్సిన అవసరం చదివేవాళ్లకి ఉండాలి. నేను ఎనిమిది పేజీలూ వదిలేసి, టీచరమ్మాయిని ఒకే ప్రశ్న అడుగుతాను: "ఈ వారం పలక మీద మా పిల్ల ఏ గడిలో ఉందమ్మా?"

కిట్ డబ్బు దండగ. ఒక సంచి, రెండు నోటుపుస్తకాలు, మూత సరిగా పడని జామెట్రీ బాక్సు. అక్కడిస్తారు కదా అని మా అమ్మాయి ఇంట్లో కొనాల్సినవి మానేసింది, చివరికి మాకు మిగిలిందీ లేదు, పెరిగిందీ లేదు. మన రాష్ట్రంలోనూ, ఆఫ్రికాలో జాంబియాలోనూ బడులకి గ్రాంటు ఇచ్చినప్పుడు ఇదే జరిగిందట: గ్రాంటు వస్తుందని ముందే తెలిసిన ఏడాది తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు, పిల్లల చదువులో తేడా రాలేదు. ఆ 1,000 బేరమాడండి, నాకు 400 తగ్గించాడు.

భాష సంగతి చిన్నదే గాని పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ మాట్లాడేది ఇంగ్లీషులో, హిందీ యాసతో. తెలుగు కూడా ఉంది, సెట్టింగుల్లో అడుగున ఎక్కడో. ఎవరూ చెప్పరు, ఎందుకంటే తల్లిదండ్రులు తెలుగు చూస్తే మొహం మాడుస్తారట. నేను మార్పించాను. మాటల్లో ఇచ్చిన లెక్కలు అంతవరకు రెండుసార్లు విని కూడా నా వైపు చూసే పిల్ల, ఒక్కసారి విని చేస్తోంది. తల్లిదండ్రుల ప్రైవేటు బడి మోజుకీ ఒక లెక్క ఉంది: మురళీధరన్, సుందరరామన్ మన రాష్ట్రంలోనే 180 పల్లెల్లో లాటరీతో పిల్లల్ని ప్రైవేటు బడులకి పంపి నాలుగేళ్లు చూస్తే, తెలుగు, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలకీ వాళ్లకీ తేడా కనపడలేదు, హిందీలో మాత్రం ముందున్నారు. ప్రైవేటులో పిల్లకయ్యే ఖర్చయితే ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు లోపే. అది పల్లెటూరి చిన్న ప్రైవేటు బడుల లెక్క, మా చిట్టి బడి ఫీజు లెక్క వేరు. ఆ లెక్క మా అల్లుడి ముందు ఎత్తను.

ఇక వసతులు. లిఫ్టు లేదు, మెట్లు ఎత్తు, నాలాంటి మోకాళ్లవాళ్లు కింద మందుల షాపు దగ్గర స్టూలు అడిగి కూర్చోవచ్చు, ఆయన ఏమీ అనుకోరు. బాత్రూం ఒక్కటే, శుభ్రంగానే ఉంటుంది, తుడిచే ఆవిడ "సెప్పులు బయటొగ్గీండమ్మా" అని గద్దిస్తుంది. హెడ్‌ఫోన్ల స్పాంజి ఊడిపోయింది, ఇంటి నుంచి తెచ్చుకోవడం మేలు. కరెంటు పోతే ఇన్వర్టర్ ఫ్యాన్లకి, లైట్లకి మాత్రమే, కంప్యూటర్లు ఆగిపోతాయి. మోంథా తుఫాను వారం మూసేశారు, తప్పులేదు, కానీ ఆ రోజులకి ఫీజు తగ్గించలేదు, ఆదివారం క్లాసు పెట్టి సర్దుతామన్నది ఇంకా సర్దలేదు.

ఎవరు చేరాలి? ప్రోగ్రెస్ కార్డు బాగున్నా చేతిలో లెక్క ఆడని పిల్లలు, నాలుగు నుంచి ఎనిమిదో తరగతి దాకా. చిట్టి ఇప్పుడు భిన్నాల కూడికల దగ్గరుంది, అంటే ఐదో తరగతి. బడిలో పూర్ణసంఖ్యలు చెప్తున్నారు. ఇంకా వెనకే, కానీ ఎడం తగ్గుతోంది. ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్ అనుకునేవాళ్లకి ద్వారకానగర్‌లో వందున్నాయి, ఇక్కడికి రావద్దు.

నా మార్కులు ఐదుకి మూడున్నర. సాయంత్రం నాలుగున్నర బ్యాచ్ నిండిపోయింది, ఆరున్నర బ్యాచ్‌లో సంక్రాంతి తర్వాత ఖాళీలున్నాయన్నారు. చేరితే కిటికీ పక్క నుంచి మూడో కంప్యూటర్ మాత్రం ఒద్దని చెప్పండి. దాని మౌస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది, పిల్ల సరిగ్గా చేసినా తప్పు చూపిస్తుంది.